మంచు కనుమలో ట్యాంకరు

అమెరికాలోని కొలరాడోలో ఐ-70 రహదారి మీద, 11 వేల అడుగుల పైన ఐసెన్‌హోవర్ సొరంగం ఉంది. పెట్రోలు ట్యాంకర్లకు మామూలుగా అందులోకి ప్రవేశం లేదు. అవి 11,990 అడుగుల లవ్‌లాండ్ కనుమ ఎక్కి దిగాల్సిందే, నడిశీతాకాలంలోనైనా సరే.

ఆ డ్రైవర్ల పనితనం దిగుడులో చూడాలి. వాలు మొదలవకముందే చిన్న గేరులోకి వచ్చేస్తారు. మలుపులోకి పోకముందే వేగం తగ్గించేస్తారు. మంచు మీద బ్రేకు గట్టిగా తొక్కితే లాగే బండి చక్రాలు పట్టు తప్పుతాయి. వెనక ట్రెయిలర్ తోసుకొచ్చి ఆ బండి అడ్డంగా తిరిగిపోతుంది.

మంచులో జారకుండా చక్రాలకు గొలుసులు బిగించడం మరో విద్య. వేళ్లు కొంకర్లు పోయే చలిలో రోడ్డు పక్క మోకాళ్ల మీద కూర్చుని చక్రానికి చుట్టాలి, కొక్కెం తగిలించాలి. కాస్త దూరం పోయాక ఆగి మళ్లీ బిగించాలి. ఇంత చాకిరీ ఎవరి కంటా పడదు!

డెన్వర్ నుంచి స్కీయింగ్‌కు బయల్దేరే మనవాళ్లకు ఒక మాట: ముందున్న ట్యాంకరు నెమ్మదిగా దిగుతుంటే హారన్ కొట్టకండి, దూరం వదలండి.