ఔత్సాహికులు లేని ఊరు

1954లో ఆమ్‌స్టర్‌డామ్ పోలీసు ప్రధానాధికారి ఒక పథకం బయటపెట్టాడు. ఊళ్లో కార్లకు చోటు చాలడం లేదు కాబట్టి కొన్ని కాలువలు పూడ్చి రోడ్లు వేద్దామన్నాడు. జనం ఒప్పుకోలేదు, పథకం అటకెక్కింది. సరిగ్గా ఆ కాలంలోనే మా పల్నాడు ఒక్క కాలువ కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నందికొండ దగ్గర ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు. జొన్నకూడు తప్ప మరోటి దొరకదని శ్రీనాథుడు విసుక్కున్నాడని చెప్పుకునే సీమలోకి 203 కిలోమీటర్ల కుడి కాలువ వచ్చింది.

ఆ కాలువ గట్టే నా సైకిల్ బాట. దాచేపల్లిలో అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు దాటడమే ఒక గండం. సిమెంటు లారీలు, సీజన్లో అయితే గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోసుకుపోయే బళ్లు. కారెంపూడి వైపు పోయి గట్టెక్కితే ఆ గోల ఉండదు. అలాగని గట్టు సుఖమేమీ కాదు. వానాకాలం నల్లరేగడి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రాన్ని పట్టేస్తుంది, పుల్లతో గోకి పారేస్తేగాని కదలదు. మే నెలలో పడమటి గాలికి ఎదురు తొక్కితే గొంతు ఎండిపోతుంది. తుమ్మముల్లు సంగతి సరేసరి.

వీటన్నిటికంటే కష్టం బజార్లో వచ్చే ప్రశ్న. “ఏం మాస్టారూ, బండి రిపేరా?” ఎవరూ వెటకారంగా అడగరు, సానుభూతితోనే అడుగుతారు. మోటార్ సైకిల్ కొనుక్కోగలిగినవాడు సైకిలెక్కాడంటే ఏదో ఇబ్బంది వచ్చిందనే వాళ్ల లెక్క. లేదా పిచ్చి.

మా మేనల్లుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు మూడు కాలువల వెంట తొక్కాను: హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్. పాత ఊరి చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా, 1613 నుంచి వీటిని తవ్వుకుంటూ పోయారు. 2010లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మా కాలువ పొలానికి నీళ్లివ్వడానికి పుట్టింది, అవి సరుకుల పడవలకూ బురదనేల మీద ఊరు పెంచుకోవడానికీ పుట్టాయి. ఒడ్డున ఇళ్లు చాలావరకు నేలలోకి దించిన కొయ్య దుంగల మీద నిలబడ్డాయి.

వాడిచ్చిన సైకిల్‌కి చేతి బ్రేకు లేదు. పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. పల్లంలో సరదాగా పెడళ్లు వెనక్కి తిప్పుకుంటూ పోయే మన అలవాటు అక్కడ పనికిరాదు. “మామయ్యా, ట్రామ్ పట్టాలు అడ్డంగా దాటండి, చక్రం పట్టాలో పడితే మీరూ పడతారు. మలుపుకి ముందు చెయ్యి చాపండి. ఎవరైనా బెల్లు కొడితే కంగారుపడకుండా కుడి పక్కకి జరగండి.” అంతే వాడి పాఠం. మిగిలింది వంతెనలు నేర్పాయి. నేలంతా చదునే అయినా ప్రతి వంతెనా మధ్యలో ఉబ్బి ఉంటుంది, కిందనే ఊపు అందుకోవాలి. గాలి మాత్రం మన గట్టు మీద గాలికి అన్నయ్య.

నేను చూడాలనుకున్నది సైకిల్ ప్రియుల రాజధానిని. తీరా చూస్తే అక్కడ సైకిల్ ప్రియుడు కనిపించలేదు. కూరల సంచి తగిలించుకున్న ముసలమ్మ, సూటు వేసుకున్న ఆఫీసరు, ముందున్న చెక్కపెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని బడికి పోతున్న తల్లి. ఎవరి ముఖంలోనూ సాహసం చేస్తున్న భావం లేదు, నెత్తిన హెల్మెట్ లేదు. సైకిల్ మీద వాళ్లకు మోజే లేదు. తుప్పు పట్టినా పట్టించుకోరు. ఏటా వేల సైకిళ్లను కాలువల్లోంచి క్రేన్ పడవలతో బయటికి లాగుతారు. అదే ఊరు సెంట్రల్ స్టేషన్ ముందు నీళ్ల అడుగున ఏడు వేల సైకిళ్లకు స్టాండు కట్టి 2023లో తెరిచింది. సైకిల్‌కి అక్కడ దక్కేది చోటు, మెచ్చుకోలు కాదు.

ఆ చోటు ఊరికే రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్లూ కార్ల వెంట పడ్డారు. 1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద మూడు వేలమందికి పైగా చనిపోయారు, అందులో నాలుగు వందలమందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చి “పిల్లల హత్యలు ఆపండి” అన్న పేరుతోనే ఉద్యమం నడిపారు. 1973 చమురు సంక్షోభంలో ఆదివారాలు కార్లు ఆపేస్తే రోడ్డు ఎంత వెడల్పో జనానికి తెలిసొచ్చింది. సైకిల్ దారులు ఆ తర్వాత పట్టుబట్టి వేయించుకున్నవి.

మన దగ్గరా ఒకప్పుడు ఔత్సాహికులు లేరు. అందరూ తొక్కేవారు కాబట్టి. పాల క్యాన్లు, మిరపనారు కట్టలు, గడ్డిమోపులు, బడిపిల్లలు, అన్నీ క్యారియర్ మీదే. గంటకింత అని అద్దె సైకిళ్లిచ్చే కొట్లు ఉండేవి. సీటు అందని పిల్లలం ఫ్రేము మధ్య నుంచి కాలు దూర్చి తొక్కాం. పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారని గర్వంగా చెప్పుకుంటాం. నెదర్లాండ్స్ ప్రధానిగా ఉన్నప్పుడు మార్క్ రుట్టే కూడా ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్లేవాడు. ఆయన దేశంలో అది మామూలు విషయం. మనం సుందరయ్యది త్యాగం కింద జమకట్టాం. త్యాగమంటే మెచ్చుకోవడమే తప్ప అనుసరించనక్కర్లేదుగా.

ఇప్పుడు మిరపకోతలకు పోయే ఆడవాళ్లు ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని లారీలు పోయే అదే పెద్దరోడ్డు ఎక్కుతున్నారు. బడికి రమ్మని ప్రభుత్వం ఆడపిల్లలకు సైకిళ్లిస్తే, కొన్నిళ్లలో అవి పంచలో మూలన పడ్డాయి. ఆ రోడ్డు మీదికి పిల్లని పంపడానికి ఏ తల్లికి ధైర్యం వస్తుంది? సైకిల్ ఇచ్చాం, దారి ఇవ్వలేదు. కొత్తగా భూమి కొననక్కర్లేని దారి మాత్రం ఊళ్ల పక్కనే ఉంది. లష్కర్లు నీళ్లు చూసుకోవడానికి తిరిగే గట్టు అది.

ఏటా వేసవిలో కాలువ కట్టేశాక మరమ్మతులకు ఎస్టిమేట్లు వేస్తారు. ఊరికీ బడికీ మధ్యనున్న మేజరు కాలువ గట్ల మీద తుమ్మకంప కొట్టించి, గ్రావెల్ పరిపించి, నీటి అంచున అడ్డుగోడ కట్టించడం అందులోనే ఒక పద్దుగా చేరిస్తే చాలు. నాలాంటి పిచ్చివాళ్ల కోసం అక్కర్లేదు, మేం ముళ్లమీదైనా పోతాం. ఎనిమిదో తరగతి ఆడపిల్ల కోసం ఆ పద్దు రాయండి.