గాయకుని మేర

సంగీతమును గూర్చి వ్రాయువారు గాయకుని శక్తిని వర్ణించినంతగా అతని మేరను వర్ణింపరు. కచేరీలో ఇది పెద్ద లోపము కాకపోవచ్చును. అచ్చట గాయకుడు తన హద్దు దాటినచో దెబ్బతినునది అతని పేరు మాత్రమే. క్రైస్తవ దేవాలయములలో జరుగు సంఘగానము సంగతి వేరు. అచ్చట పాట నెత్తుకొన్నవాడు హద్దు దాటినచో నోరు మూసికొనునది సంఘము. అందుచేత తన మేర నెరుగుట ఆ గాయకుని విద్యలో మొదటి పాఠమని నా అభిప్రాయము.

మేర అనగానే మనము చిన్న గొంతుకవారిని తలచుకొందుము. శాస్త్రము అట్లు తలచలేదు. పదమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున మంచి గాయకుని గుణములను చెప్పుచు ‘ఆయత్తకంఠుడు’ అను మాటను వాడినాడు. కంఠము తన వశమందున్నవాడని దాని అర్థము. కంఠమెంత పెద్దదను ప్రశ్న ఆ మాటలో లేదు. ఆయనయే గాయకదోషములను ఇరువదియైదింటిని లెక్కించినాడు. భయపడుచు పాడుట అందొకటి. కన్నులు మూసికొని పాడుట మరియొకటి. మొదటిది తన బలమును తక్కువగా తలచువాని దోషము. రెండవది తన చుట్టునున్నవారిని మరచినవాని దోషమని నేను చదువుకొందును. ఒంటరిగా పాడువారు, ఇద్దరుగా పాడువారు, బృందముగా పాడువారు అని గాయకులను మూడు తెగలుగా విభజించినదియు ఆయనయే. దేవాలయమున ముందు నిలిచి పాడువాడు తాను మూడవ తెగవాడనని మరచి మొదటి తెగవానివలె పాడినప్పుడు చిక్కు మొదలగును.

తెలుగు క్రైస్తవ సంఘములలో ఈ చిక్కునకు ఒక ప్రత్యేక కారణము కలదు. మన ఆరాధన గీతములలో ఉత్తమములైనవి కీర్తనలు. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలైన కవులు క్రీస్తు భక్తిని పల్లవి, చరణముల చట్రములో, మన రాగములలో, మన తాళములలో పలికించిరి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను గ్రంథమున పాట తలపై రాగ తాళముల పేర్లు నేటికిని అచ్చగుచున్నవి. ఇది మనకు లభించిన భాగ్యము. చదువురాని వృద్ధురాలు సైతము పల్లవి మరల వచ్చునప్పుడు దానిని అందుకొనగలదు. కాని ఆ రాగము పేరే కొంత విద్య గలవానికి ఆశ పుట్టించును. మొదటి సంగతి వేసినప్పుడు సంఘము అతని వెంట నడచును. రెండవదానికి నిలిచి వినును. మూడవదానికి పుస్తకము మూసికొనును. పాట చక్కగనే ఉండును. ఆరాధన మాత్రము ఒక్కని గొంతులో చిక్కుకొనును.

కంఠమునకే కాక మాటకును మేర కలదు. పాశ్చాత్య రాగములకు మన భాషలో కూర్చిన పాటలలో ఇది స్పష్టమగును. ఇంగ్లీషు వరుసలో దీర్ఘస్వరము పడిన చోట మన హ్రస్వాక్షరము వచ్చినచో గాయకుడు దానిని సాగదీయవలసివచ్చును. అప్పుడు ‘పడి’ అన్నది ‘పాడి’ యగును, ‘కల’ అన్నది ‘కాల’ మగును. పాపములో పడినవాడు పాపములో పాడినవాడగుట వినువారికి నవ్వు పుట్టించును. తప్పు అనువాదకునిదే కావచ్చును. కాని దానిని మరింత సాగదీయుటయో, వేగముగా దాటించి అర్థమును కాపాడుటయో గాయకుని చేతిలో నున్నది. మన కీర్తనలలోను అవసరములేని గమకము మాటను ముక్కలు చేయగలదు.

ఇక శ్రుతి. నేను నివసించు సూరతు నగరమున మగ్గముల పనిని నమ్ముకొని తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన తెలుగు కుటుంబములు చాల కలవు. అట్టివారి యింట జరిగిన ఒక ప్రార్థన కూటమున నేను కీర్తన నెత్తుకొంటిని. యౌవనమున నాకు అలవడిన రెండవ శ్రుతినే హార్మోనియముపై పట్టితిని. ఏబదియేండ్లు దాటిన కంఠమునకు అది తగినది కాదని నాకు తెలియును. తగ్గించుటకు మనసు రాలేదు. పల్లవి బాగుగనే నడచినది. చరణము పైస్థాయికి ఎక్కగానే నా వెనుక గొంతులు ఒక్కొక్కటిగా జారిపోయినవి. చివరకు నేనొక్కడనే, అదియు పగిలిన గొంతుతో, మిగిలితిని. కూటము ముగిసిన పిదప ఒక ముసలమ్మ నా దగ్గరకు వచ్చి, “బిడ్డా, పాట మాకందలే” అన్నది. ఆమె నన్ను తప్పుపట్టలేదు; జరిగినది చెప్పినది. అంతకంటె మంచి విమర్శ నాకు ఏ గ్రంథమందును లభింపలేదు. పాట నెత్తుకొనుటకు ముందు దానిలోని మిక్కిలి హెచ్చు స్వరమును ఒకమారు మెల్లగా పాడి, ఆమెకు అందునా అని చూచుకొనుట నాటినుండి నా నియమము.

ఈ బోధ గాయకులను పిరికివారిని చేయదా అని అడుగవచ్చును. జాన్ వెస్లీ 1761లో తన గీతసంపుటమునకు చేర్చిన సూచనలలో దీనికి సమాధానము కలదు. సంఘమున తన గొంతు ఇతరుల గొంతులకు మించి వినబడునట్లు అరువరాదని ఆయన హెచ్చరించినాడు. సగము చచ్చినట్లు, సగము నిద్రించినట్లు పాడరాదనియు అచ్చటనే చెప్పినాడు. మేర అనగా రెండు వైపుల గట్లు గల కాలువ. ఒకవైపు గట్టు తెగిన నీరు పొలము మీద పడును. రెండవవైపు పూడిపోయిన నీరే పారదు. చిన్న గొంతుకవానిని మానుకొమ్మనుట పూడ్చివేయుటయే. బృందములో అతనికిని స్థానము కలదు. మేర నెరుగుమని బలహీనునకు చెప్పుట సులభము; బలవంతునకు చెప్పుటయే విమర్శకుని పని.

సంత అగస్టీను తన ‘ఒప్పుకోళ్లు’ పదవ ఖండమున ఈ విషయమునే లోతుగా తడవినాడు. పాడబడు విషయముకంటె పాటయే తనను ఎక్కువగా కదల్చినప్పుడు తాను తప్పు చేసినట్లు ఆయన ఒప్పుకొనును. అయినను గానమును దేవాలయమునుండి వెడలగొట్టుమనలేదు. క్రొత్తగా విశ్వాసమునకు వచ్చిన దినములలో సంఘగీతములు విని తాను కార్చిన కన్నీటిని తలచుకొని, పాట ఉండుటయే మేలని ఆయన మొగ్గినాడు. ఆ కన్నీటిని తెప్పించినది సంఘము పాడిన పాట. ఇది మన గాయకులు గమనింపదగినది.

హిందీనుండి తెలుగునకు గ్రంథములను దెచ్చు వృత్తిలో నేను ఇదే పాఠమును వేరొక దారిన నేర్చుకొంటిని. మూలకర్త గొంతు వినబడవలసిన చోట నా గొంతు గట్టిగా పలికినప్పుడెల్ల పుట చెడినది. పరుల మాటను మోయువారందరికి మేర యొక్కటే. పాట ముగియునప్పటికి గాయకుని గొంతు తక్కిన గొంతులలో కలిసిపోయి, వేరుగా గుర్తింపరాకుండ నుండవలెను. సూరతులోని ఆ ముసలమ్మకు చరణము అందిన దినమున, ఎవరు పాడించిరని ఆమె అడుగలేదు.