దగ్గరికి పోతేనే వినపడే పాట

మా మేళ్లచెరువులో శివరాత్రి జాతరంటే కరెంటు ప్రభలు, ఎడ్ల పందాలు, చెవులు చిల్లులు పడే మైకులు. ఆ హోరులో శంభులింగేశ్వరుడి గుడి ముందు ఎవరైనా కిన్నెర పట్టుకుని కూర్చుంటే పక్కనున్నోడికి కూడా వినపడదు. కిన్నెరది చిన్న గొంతు. దానికి జనం కాదు, దగ్గర కూర్చునే మనిషి కావాలి.

ఈ మధ్య రాత్రిళ్లు అలాంటి చిన్న గొంతే ఒకటి వింటున్నా: మిసిసిపీ జాన్ హర్ట్ ఆల్బమ్ ‘టుడే!’. అమెరికా దక్షిణాదిలో అవలాన్ అనే పల్లెలో పొలం పని చేసుకుని బతికిన నల్లజాతి బ్లూస్ కళాకారుడాయన. 1928లో కొన్ని పాటలు రికార్డు చేశాడు. అవి పెద్దగా అమ్ముడుపోలేదు, మళ్లీ సేద్యంలో పడ్డాడు. ఒక పాటలో ఊరి పేరుంటే, దాన్ని పట్టుకుని 1963లో ఒకాయన వెతుక్కుంటూ పోయాడు. పెద్దాయన అక్కడే ఉన్నాడు. గిటార్ మీద బొటనవేలు లయ నడుపుతుంటే మిగతా వేళ్లు పాట చెప్తుంటాయి. గొంతు పెంచడు, తొందరపడడు.

అది వింటుంటే నాకు మన దర్శనం మొగిలయ్య యాదికొస్తాడు. ఆయనదీ నల్లమల దాపున నాగర్‌కర్నూల్ జిల్లా పల్లెటూరే. వెదురు కర్ర, సొరకాయ బుర్రలు, తీగలు, తేనెమైనంతో అతికిన 12 మెట్లు: ఆయన కిన్నెర అంతే. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట ఆయన గొంతులోని సాకీతోనే మొదలైంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ ఆ సాకీ అయిపోగానే సినిమా వాద్యాలు అందుకుంటాయి. మనలో చాలామందికి తెలిసిన కిన్నెర ఆ కాసేపే.

కిన్నెర కథ అంతలో తెగేది కాదు. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన పండుగ సాయన్న కథ ఎత్తుకుంటే పాట ఆగి మాట, మాట ఆగి తీగ నడుస్తూనే ఉండాలి. దాన్ని శాలువా సభలో ఐదు నిమిషాలకు కుదిస్తే కథ పోయి ముక్క మిగులుతుంది.

హర్ట్‌ను పెద్ద వేదికలు ఎక్కించారు, నిజమే. అంతకంటే పెద్ద మేలు, ఆయన వేళ్ల నడకను తీరిగ్గా రికార్డు చేయడం. ‘టుడే!’ వచ్చిన 1966లోనే ఆయన కన్నుమూశాడు.

మన చేతుల్లో ఇప్పుడు ఫోన్లున్నాయి. ప్రభల వీడియోలు ఎన్నైనా తీస్తాం. కిన్నెర కళాకారుడు ఎదురైతే సినిమా పాట అడగకుండా, కథ ముగిసేదాకా పక్కన కూర్చుని రికార్డు చేద్దాం. లేచే ముందు ఆయన రోజు కూలికి తగ్గకుండా చేతిలో పెడదాం.