స్టిక్కరు చదవకండి, కోరు కొలవండి

సొంతంగా యాంప్లిఫయర్ కట్టుకునేవాళ్ల శ్రద్ధంతా ఎటు పోతుందో చూడండి. అసలైన తోషిబా ట్రాన్సిస్టర్ల కోసం హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో కొట్టు కొట్టూ ఎక్కి దిగుతారు. కెపాసిటర్ ఏ కంపెనీదన్న దానిమీద గంటలు వాదించుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘24-0-24, ఐదు ఆంప్స్’ అనేసి, చేతికిచ్చింది పట్టుకొచ్చేస్తారు. స్పీకరులో మోగే ప్రతి వాటూ ఆ ఇనప ముద్దలోంచే రావాలి. అది చాలకపోతే డోలు దెబ్బ ఎండాకాలం బోరులా గుక్కలు గుక్కలుగా వస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన ట్రాన్సిస్టర్ పెట్టినా దండగే.

జాన్ లిన్స్‌లీ హుడ్ అనే మహానుభావుడు 1969లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో నాలుగే ట్రాన్సిస్టర్లతో క్లాస్-ఎ యాంప్లిఫయర్ ప్రచురించాడు. ఛానెల్‌కు పదే వాట్లు. దాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా కట్టుకుంటూనే ఉంది, ఆ తీయదనం అలాంటిది! అయితే పాట లేకున్నా అది ఒక్కో ఛానెల్‌కు 27 వోల్టుల దగ్గర 1.2 ఆంపియర్లు తాగుతూనే ఉంటుంది. స్టీరియోకి 2.4 ఆంపియర్లు, అంటే 65 వాట్లు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బ్రిడ్జి రెక్టిఫయర్, పెద్ద కెపాసిటర్లు ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్ రేటింగులో 62 శాతమే డీసీగా తీసుకోవాలి. కరెంటు నిలకడగా పారకుండా కెపాసిటర్ నిండే ఆ కాసేపట్లోనే ఉరుకుతుంది, చుట్ల వేడి దానికి తగ్గట్టు పెరుగుతుంది. కాబట్టి 2.4 కావాలంటే ట్రాన్స్‌ఫార్మర్ నాలుగు ఆంపియర్లది ఉండాలి. ఇరవై వాట్ల పాటకు దాదాపు వంద వీఏ (వోల్ట్-ఆంపియర్లు) కావాలి. నేనైతే 200కి తగ్గను.

క్లాస్-ఏబీ సంగతి వేరు. సంగీతంలో సగటు శక్తి శిఖరాల కంటే చాలా తక్కువ. ఇంట్లో వినడానికి 50+50 వాట్ల యాంప్లిఫయర్‌కు 150 నుంచి 200 వీఏ హాయిగా సరిపోతుంది. 1978లో వచ్చిన ఎన్‌ఏడీ 3020 యాంప్లిఫయర్ చూడండి. కాగితం మీద ఇరవై వాట్లే, మొండి స్పీకర్లను కూడా లొంగదీసింది! పెళ్లిళ్లలో ఆగకుండా మోగే మైకు సెట్టుకు మాత్రం ఈ దయ పనికిరాదు, అక్కడ రెట్టింపుకు పైనే కావాలి.

వోల్టేజి దగ్గర ఆశ పనికిరాదు. టీడీఏ 7294 యాంప్లిఫయర్ చిప్పు పనిచేసే హద్దు ప్లస్ మైనస్ 40 వోల్టులు. 24-0-24 పెడితే 1.414తో హెచ్చించి, డయోడ్లకు ఒక వోల్టు తీసేయగా 33 వస్తుంది. అర్ధరాత్రి లైను 250కి ఎక్కితే, లోడు లేనప్పుడు పెరిగేది కూడా కలిపి 39 దాకా పోతుంది. నాలుగు వోల్టులు ఎక్కువుంటే ఇంకా గట్టిగా మోగుతుందని 28-0-28 పెట్టేవాళ్లున్నారు. అదే అర్ధరాత్రి అది 45 దాటిపోతుంది.

ఇప్పుడు నా కడుపు మండే విషయానికొస్తాను. బజారులో ‘5 ఆంప్స్’ అని స్టిక్కరున్న ట్రాన్స్‌ఫార్మర్ల మీద చిన్న స్కేలు పెట్టి చూడండి. 24-0-24, ఐదు ఆంపియర్లంటే 240 వీఏ. వైండింగ్ చేసేవాళ్లు తరతరాలుగా నమ్ముకున్న లెక్క ఒకటుంది: వీఏకి వర్గమూలం కట్టి 1.15తో హెచ్చిస్తే, కోరు మధ్యకాలు ఎన్ని చదరపు సెంటీమీటర్లుండాలో తెలుస్తుంది. 240కి దాదాపు 18. మధ్యకాలు చుట్ల కింద దాక్కుని ఉంటుంది కాబట్టి ఈఐ రేకు మొత్తం పొడవు కొలిచి మూడో వంతు తీసుకోండి. దాన్ని రేకుల దొంతర మందంతో హెచ్చించండి. 12 సెంటీమీటర్ల రేకు, నాలుగున్నర మందం ఉంటే 18, నిజాయితీ సరుకు. మీ చేతిలోది 9.6 సెంటీమీటర్ల రేకు, మూడున్నర మందం అయితే 11.2 మాత్రమే వస్తుంది. అది 95 వీఏ. ఐదు ఆంపియర్లని అచ్చేసి రెండు అమ్ముతున్నారు! పట్టపగలు దోపిడీ కాక ఇదేమిటి?

అంతటితో ఆగరు. అల్యూమినియం తీగకు రాగిరంగు ఎనామెల్ పూసి చుడతారు. కొసను బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. చుట్లు కూడా మిగుల్చుకుంటారు. 18 చదరపు సెంటీమీటర్ల కోరుకు వోల్టుకు రెండున్నర చుట్లు, ప్రైమరీకి 575 వేస్తే లైను 250కి ఎక్కినా అది చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. చుట్లు మరీ ఎగ్గొడితే కోరు నిండిపోయి గుయ్‌మంటుంది, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అరచేతిలో పట్టే పెట్టె మీద వేల వాట్ల ఉత్తుత్తి పీఎంపీఓ అచ్చేసే కాలంలో దీన్ని అడిగే నాథుడే లేడు.

టొరాయిడ్ల మీద నాకు గౌరవముంది. ఉంగరం లాంటి కోరు కొత్తదేం కాదు, ఫారడే 1831లోనే చుట్టాడు. హమ్ తక్కువ, బరువు తక్కువ. పెద్దవాటికి స్విచ్చి వేయగానే ఫ్యూజు పోకుండా సాఫ్ట్ స్టార్ట్ పెట్టాలి. నడిమి బోల్టు రెండు కొసలూ ఛాసిస్‌కు తగిలితే షార్టయిన ఒక చుట్టు అవుతుంది, జాగ్రత్త. కానీ నా ఓటు రేకుల ట్రాన్స్‌ఫార్మరుకే. మన లైన్ల ఒడిదుడుకులకు అదే ఓర్చుకుంటుంది, పాడైతే విప్పి మళ్లీ చుట్టించుకోవచ్చు.

ఆ చుట్టే చేతుల పనితనం చూశారా? ఒక చేత్తో హ్యాండిల్ తిప్పుతూ, రెండో చేతి రెండు వేళ్ల మధ్య తీగను బిగువు తప్పకుండా నడిపిస్తారు. చుట్టు పక్కన చుట్టు, మధ్యలో వెంట్రుకంత సందుండదు. వరస నిండగానే కాగితం, మళ్లీ వరస. చివర వార్నిషులో ముంచి ఆరబెడతారు. ఇలా చుట్టినది పనిచేస్తున్నప్పుడు చెవి ఆనించినా చప్పుడు వినిపించదు. అడాప్టరు బ్రిక్కులు, తేలికపాటి సరుకు వచ్చిపడి ఈ షాపులు ఒక్కొక్కటే మూతపడుతుంటే మనం చూస్తూ కూర్చున్నాం.

మీ ఊళ్లో ఇంకా ఒక వైండింగ్ షాపు మిగిలి ఉంటే ఈ వారమే వెళ్లండి. వోల్టులు, ఆంపియర్లు, 240 వీఏకైతే కోరు 18 చదరపు సెంటీమీటర్లకు తగ్గకూడదని, తీగ రాగిదే కావాలని, 250 వోల్టుల దగ్గర కూడా హమ్ ఉండకూడదని కాగితం మీద రాసివ్వండి. అడ్వాన్సు చేతిలో పెట్టండి. దయచేసి బేరం మాత్రం ఆడకండి.