గిబ్లీ కారుపై భిన్నాభిప్రాయములు

మోటారుకారులను ప్రేమించువారు ఒకే విధముగా ఉండరు. కొందరు కారు రూపమును, దాని పేరును చూచి మురియుదురు. మరికొందరు దాని ఇంజను ఎంతటిది, ఎంత వేగముగా పోవును అని అడుగుదురు. ఇటలీ దేశపు మసెరాటి కంపెనీవారు 2013 ఏప్రిల్ మాసమున చైనాలోని షాంఘై మోటారు ప్రదర్శనములో గిబ్లీ అను కారును మొదటిసారి చూపినపుడు, ఈ రెండు తెగలవారి నడుమ పెద్ద వాదము జరిగినది. మెచ్చినవారును కలరు, నొచ్చుకొన్నవారును కలరు. ఆ మెప్పులో ఎంత నిజము కలదో, ఆ నొప్పిలో ఎంత న్యాయము కలదో ఉన్నత పాఠశాలలో చెప్పు భౌతికశాస్త్రముతోనే చాలవరకు తేల్చవచ్చును.

ఉత్తరాంధ్ర ప్రజలకు ఇటలీ కారు క్రొత్త కాదు. శ్రీకాకుళము, విజయనగరము వీథులలో ఒక తరమువారు చూచిన ఫియట్ కారు ఇటలీ నమూనాయే. ఫియట్ 1100 అను ఆ కారును బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేసిరి. తరువాత దానికే పద్మిని అని పేరు వచ్చినది. బరువు సుమారు 900 కిలోగ్రాములు. ఇంజను 1,089 ఘన సెంటీమీటరులు. 1985లో ఆ కంపెనీయే 118 ఎన్.ఇ. అను మరియొక కారును తెచ్చినది. దాని ఒడలు ఇటలీ ఫియట్ 124ది. ఇంజను జపాను నిస్సాన్ వారిది. మేను ఒక దేశపుది, గుండె మరియొక దేశపుది అయినపుడు దానిని ఏ దేశపు కారు అనవలెను? గిబ్లీని గూర్చిన వాదమునకు మూలము కూడ ఇట్టి ప్రశ్నయే.

మసెరాటి కంపెనీ 1914లో బొలోన్యా నగరమున పుట్టినది. ఆ నగరములోని నెప్ట్యూన్ విగ్రహము చేతనున్న త్రిశూలమే దాని గుర్తు. పందెపు కారులతో దానికి కీర్తి వచ్చినది. 1963లో ఆ కంపెనీ ఎనిమిది సిలిండరుల బలమైన ఇంజనును నలుగురు సుఖముగా కూర్చుండు కారులో అమర్చి, దానికి క్వాట్రోపోర్టే, అనగా నాలుగు తలుపులది, అని పేరు పెట్టినది. ఇంటిల్లిపాదికి పనికివచ్చు కారులో పందెపు కారు చురుకుదనము ఉండుటయే క్రీడా సెడాన్ లక్షణము.

గిబ్లీ అనునది లిబియా ఎడారిలో వీచు వేడిగాలి పేరు. 1966లో ఆ పేరుతో రెండు తలుపుల కారు వచ్చినది. 2013 నాటి గిబ్లీ నాలుగు తలుపులది. పొడవు దాదాపు 5 మీటరులు. దానిని ట్యూరిన్ నగరము దగ్గరి గ్రూల్యాస్కోలో తయారుచేసిరి. అందులో పెట్రోలు ఇంజను 3 లీటరులది, ఆరు సిలిండరులది. ఫెరారీ వారు మారనెల్లోలో కట్టినది. మొదటి రకములో దాని సామర్థ్యము 330 అశ్వసామర్థ్యములు. డీజిలు ఇంజను కూడ 3 లీటరులదే; అది వి.ఎం. మోటోరి అను మరియొక ఇటలీ సంస్థ చేసినది, సామర్థ్యము 275. మసెరాటి చరిత్రలో డీజిలు ఇంజను అదే మొదటిది.

కంపెనీ ఇట్లు చేయుటకు కారణము స్పష్టమే. 2012లో అది ప్రపంచమంతట అమ్మిన కారులు ఆరు వేల పైచిలుకు మాత్రమే. 2014లో ఆ సంఖ్య ముప్పదియారు వేలు దాటినది. ఆ పెరుగుదలలో గిబ్లీది పెద్ద పాలు. అరుదైన వస్తువు అందరి కంటను పడుట మొదలిడినపుడు, దానిని అరుదైనదని ప్రేమించినవారికి మనసు కష్టపడుట సహజము. కాని ఆ కష్టమును వారు యంత్రముపై ఆరోపణలుగా చెప్పిరి. వానిలో ముఖ్యమైనవి నాలుగు: డీజిలు ఇంజను కంపెనీ పేరుకు తగదు, ధ్వని కృత్రిమము, లోపలి స్విచ్చులు చౌకవి, బరువు ఎక్కువ. వీనిని ఒక్కొక్కటిగా పరిశీలింపవలెను.

మొదట డీజిలు. కంపెనీ ప్రకటించిన లెక్కల ప్రకారము నిలిచియున్న పెట్రోలు గిబ్లీ 5.6 సెకండులలో గంటకు 100 కిలోమీటరుల వేగమును అందుకొనును. డీజిలు కారునకు 6.3 సెకండులు పట్టును. గంటకు 100 కిలోమీటరులనగా సెకండునకు 27.8 మీటరులు. పెట్రోలు కారు ద్రవ్యరాశి 1,810 కిలోగ్రాములు. ద్రవ్యరాశిలో సగమును వేగము యొక్క వర్గముతో గుణించినచో గతిజశక్తి సుమారు 7 లక్షల జౌలులు వచ్చును. దీనిని 5.6తో భాగించినచో సగటు సామర్థ్యము దాదాపు 125 కిలోవాట్లు, అనగా 170 అశ్వసామర్థ్యములు. ఇంజను సామర్థ్యము 330 కదా! అందులో సగము మాత్రమే కారు వేగముగా మారినది.

డీజిలు కారు ద్రవ్యరాశి 1,835 కిలోగ్రాములు. అదే లెక్క చేసినచో సగటు సామర్థ్యము 153 అశ్వసామర్థ్యములు వచ్చును. ఇది 275లో నూటికి 56 పాళ్లు. అనగా చిన్నచూపు చూడబడిన డీజిలు ఇంజనే తన సామర్థ్యములో హెచ్చు భాగమును చక్రములకు అందించినది. కారణమేమి? ప్రకటించు అశ్వసామర్థ్యము ఇంజను మిక్కిలి వడిగా తిరుగునప్పటిది. కారు బయలుదేరునపుడు కావలసినది తక్కువ భ్రమణవేగములో ఎక్కువ త్రిప్పుడు బలము. పెట్రోలు ఇంజను త్రిప్పుడు బలము 500 న్యూటన్ మీటరులు; డీజిలుది 600. నిండు బండిని కదలించు ఎడ్లకు పరుగుకంటె పట్టు ముఖ్యము. కావున డీజిలు గిబ్లీ నెమ్మది కారు అనుమాట నిలువదు.

అయినను డీజిలుపై నిజమైన ఆక్షేపణ ఒకటి కలదు. డీజిలు ఇంజనులో అధిక పీడనము, అధిక ఉష్ణోగ్రతల వలన గాలిలోని నత్రజని, ఆమ్లజనితో కలసి నైట్రోజన్ ఆక్సైడులు ఏర్పడును; సన్నని మసియు పుట్టును. ఇవి ఊపిరితిత్తులకు హాని. యూరపు పరీక్షా పద్ధతిలో డీజిలు గిబ్లీ 100 కిలోమీటరులకు 5.9 లీటరులును, పెట్రోలు గిబ్లీ 9.6 లీటరులును త్రాగునని తేలినది. ఇంధనము మిగులుట మంచిదే. కాని పొగలో ఏమి ఉన్నదని కూడ అడుగవలెను. కంపెనీ గౌరవమును గూర్చిన సందడిలో ఈ ప్రశ్న వెనుకబడినది. 2015 సెప్టెంబరులో వోక్స్‌వాగన్ వారి డీజిలు పరీక్షల మోసము బయటపడిన తరువాతనే ప్రపంచము దానిని గట్టిగా అడిగినది.

రెండవది ధ్వని. నాలుగు ఘాతముల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకసారి ప్రేలును. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినచో ఆరు సిలిండరుల ఇంజనులో సెకండునకు 150 ప్రేలుళ్లు, ఎనిమిది సిలిండరులలో 200 ప్రేలుళ్లు జరుగును. పాత మసెరాటి పాటకు అలవాటుపడిన చెవికి క్రొత్త ఇంజను శ్రుతి దిగినట్లు తోచుట భ్రమ కాదు. పైగా టర్బో యంత్రము పొగ వేగమును వాడుకొని తిరుగును గనుక ధ్వని కొంత అణగును. డీజిలు కారులో ఈ లోటును తీర్చుటకు పొగగొట్టముల కొనల దగ్గర రెండు ధ్వని జనకములను అమర్చిరి. కొందరు ఇది చతురమనిరి, కొందరు మోసమనిరి.

బొబ్బిలి వీణను ఉదాహరణగా తీసికొనవచ్చును. ఒకే పనస మ్రానులో తొలిచిన ఆ వీణకును, వయొలినుకును ఒకే శ్రుతి పెట్టినను చెవి వానిని వేరుగా గుర్తించును. ఉపస్వరముల పాళ్లు వేరగుటయే కారణము. వీణకు మైకు తగిలించినచో తీగ నాదమే పెద్దదగును, అది వీణయే. వీణ లేకుండ పెట్టెలో వీణ నాదమును పుట్టించినచో అది వేరు. గిబ్లీలోని ఏర్పాటు ఈ రెంటికిని నడుమ నిలుచును. ఇంజను ధ్వనిలోని కొన్ని స్వరములను అది ఎత్తి చూపును. అది కారు బలమును పెంచదు, తగ్గింపదు. కావున ఇది యంత్రదోషము కాదు. రుచికి సంబంధించిన విషయము. ఐతే కొనువానికి ఆ సంగతి ముందే తెలియుట న్యాయము.

మూడవది స్విచ్చులు. అప్పటికి మసెరాటి, అమెరికా క్రైస్లర్ కంపెనీలు రెండును ఫియట్ సమూహములోనివే. అందువలన తక్కువ ధర కారులలోని తెర, మీటలు వంటివి గిబ్లీలోను కనబడెను. ఒకే భాగమును లక్షల సంఖ్యలో చేసినచో ధర తగ్గును, లోపములును త్వరగా బయటపడి సవరింపబడును. కావున పరాయి భాగము చెడ్డదను నియమము లేదు. స్వచ్ఛమైన ఇటలీ కారు అను మాటయే తరచి చూచిన నిలువదు. విజయనగరము ప్రాంతమున 1892లో మాంగనీసు త్రవ్వకము మొదలైనప్పటినుండి ఇచ్చటి ఖనిజము విదేశముల ఉక్కు కొలుములకు పోయినది. ఏ దేశపు యంత్రములోనైనను పలు దేశముల మట్టి కలదు. కాని విమర్శకుల మాటలో ఒక న్యాయము ఉన్నది. విలాసమునకు ధర తీసికొన్నవారు చేతికి తగులు వస్తువులో విలాసమును చూపవలెను. ఈ విషయమున తప్పు కంపెనీదే.

నాలుగవది బరువు. గిబ్లీ బరువు పాత పద్మినికి రెట్టింపు. ఒకే వేగములో దాని గతిజశక్తియు రెట్టింపే; ఆపునపుడు అంత శక్తియు బ్రేకులలో వేడిగా మారవలెను. ఇది నిజమైన లోపము. కాని బరువంతయు వృథా కాదు. ప్రయాణికుల చుట్టును గల బలమైన చట్రము, గాలిసంచులు అందులోనివే. 2013లో యూరో ఎన్‌క్యాప్ సంస్థ ఢీకొట్టు పరీక్షలలో గిబ్లీకి అయిదు నక్షత్రములు ఇచ్చినది. ఇక బరువు ముందు, వెనుక ఇరుసులపై సమానముగా పంచబడుటను, ద్రవపీడనముతో పనిచేయు స్టీరింగు రోడ్డు స్పర్శను చేతికి చక్కగా తెలుపుటను మెచ్చినవారు మెచ్చిరి. ఆ మెప్పు సరియైనదే.

ఐతే మెచ్చినవారిని కూడ పరీక్షింపవలెను. ఈ కారు గంటకు 263 కిలోమీటరులు పోవునని వారు పొంగిరి. ఇచ్ఛాపురము నుండి శ్రీకాకుళము మీదుగా పోవు నాలుగు వరుసల జాతీయ రహదారి వంటి వానిపై, 2018 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారము, కారుల గరిష్ఠ వేగము 100 కిలోమీటరులు. ఘర్షణ గుణకము 0.8 అయినచో 100 కిలోమీటరుల వేగములోని కారు బ్రేకు పట్టిన తరువాత సుమారు 49 మీటరులలో నిలుచును. వేగము 200 అయినచో 197 మీటరులు కావలెను. వేగము రెట్టింపు, దూరము నాలుగు రెట్లు! ఎంత ధర పోసినను ఈ సూత్రము మారదు.

సాలూరు నుండి కోరాపుట్ వైపు ఎక్కు ఘాటు రోడ్డును తలచుకొనవచ్చును. సాలూరు 2022 వరకు విజయనగరము జిల్లాలోనిది, తరువాత పార్వతీపురము మన్యము జిల్లాలోనిది. అట్టి దారిలో 20 మీటరుల వ్యాసార్ధము గల సమతలమైన వంపు ఉన్నదనుకొందము. ఘర్షణ గుణకము 0.7 అయినచో జారకుండ తిరుగగల గరిష్ఠ వేగము గంటకు 42 కిలోమీటరులు. వానలో గుణకము 0.4కు పడిపోయినచో 32 మాత్రమే. ఈ లెక్కలో కారు బరువు కొట్టివేయబడును, అశ్వసామర్థ్యము అసలు రాదు. ఒకే విధమైన టైరు పట్టు ఉన్నచో పద్మినికిని గిబ్లీకిని హద్దు ఒక్కటే. బలమైన ఇంజను గలవాడు ఆ హద్దును త్వరగా చేరును, అంతే తేడా.

గిబ్లీ 2015లో భారతదేశపు విపణికి వచ్చినది. 2020లో డీజిలునకు బదులు 2 లీటరుల నాలుగు సిలిండరుల పెట్రోలు ఇంజనుతో సంకర రకము వచ్చెను. సిలిండరులు తగ్గెనని మరల వాదము లేచెను. 2023తో గిబ్లీ తయారీ ముగిసినది. వాదించినవారిలో ఎవరు గెలిచిరి? పూర్తిగా ఎవ్వరును కాదు. స్విచ్చుల విషయమున, బరువు విషయమున నిందించినవారి మాటలో బలము కలదు. డీజిలు నెమ్మది అన్న మాట లెక్కకు నిలువలేదు. ధ్వని రుచికి వదలవలసినది. దేశము పేరు, కంపెనీ పేరు ఏ సూత్రములోను గుర్తుగా రావు.

ఉపాధ్యాయులు ఈ లెక్కలను తరగతిలో తమ ఊరి బస్సుకు, మోటారు సైకిలుకు అన్వయించి చేయింపవచ్చును. ఇది మంచి బండి అని ఒక విద్యార్థి అన్నపుడు, దేనికి మంచిది, ఏ కొలతలో మంచిది అని రెండవ విద్యార్థి అడుగ నేర్చినచో చాలును. ఆ ప్రశ్న అడుగ నేర్చినవాడు ప్రకటన చూచి మోసపోడు. వంపు దగ్గర వేగము తగ్గించుటయు మరువడు.