మూడు రోజుల పీపా

లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్లే పాత గ్రేట్ నార్త్ రోడ్డు మీద, రట్లండ్ కౌంటీలో స్ట్రెటన్ అనే పల్లె దగ్గర రామ్ జామ్ ఇన్ అని ఒక సత్రం ఉండేది. దాని గురించి ఆ దారి పొడవునా ఒక కథ చెప్పుకుంటారు. ఒక బాటసారి అక్కడ కొన్నాళ్లు బస చేశాడు. తిన్నాడు, తాగాడు. తీరా బిల్లు కట్టే రోజొచ్చేసరికి, ఒకే పీపాలోంచి రెండు రకాల బీరు తీసే విద్య నేర్పుతానని యజమానురాలిని సెల్లార్‌లోకి తీసుకెళ్లాడట. పీపాకి ఒక పక్కన బెజ్జం వేశాడు. బీరు చిమ్మింది. బొటనవేలు పెట్టి గట్టిగా అదిమి పట్టుకోమన్నాడు. రెండో పక్కన ఇంకో బెజ్జం వేసి, రెండో బొటనవేలు అక్కడ పెట్టమన్నాడు. ఆవిడ పీపాని కావలించుకుని కదల్లేకుండా నిలబడ్డాక, బిరడాలు తెస్తానని మెట్లెక్కినవాడు మెట్లెక్కినట్టే పోయాడు. ఇండియాలో కొలువు చేసి తిరిగొచ్చిన ఒక యజమాని అక్కడ అమ్మిన మద్యం పేరే రామ్ జామ్ అని ఇంకో కథ కూడా ఉంది. మనకి సంబంధం కలుస్తోంది కదా అని రెండోదాన్ని నమ్మాలనిపిస్తుంది గానీ, నా ఓటు మొదటిదానికే. సత్రం నడిపేవాళ్లకి పీపాయే ప్రాణమని అందులో తెలుస్తుంది.

రామ్ జామ్ 2013లో మూతపడింది. తర్వాత కూల్చేశారు. ఆ పాత దారి స్థానంలో ఇప్పుడున్న ఏ1 హైవే మీద డెబ్బై మైళ్ల వేగంతో పోయేవాళ్లకి అక్కడొకటి ఉండేదన్న ఆనవాలు కూడా అందదు.

పీటర్‌బరోలో ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవు దొరికితే ఈ పాత దారిలోనే తిరిగేవాణ్ణి. గుర్రబ్బండ్ల కాలంలో పది పదిహేను మైళ్లకోసారి గుర్రాలు మార్చక తప్పేది కాదు. అందుకే ప్రతి మజిలీలోనూ ఒక పెద్ద సత్రం, దాని నీడలో నాలుగు చిన్న ఏల్‌హౌస్‌లు పుట్టుకొచ్చాయి. స్టామ్‌ఫర్డ్‌లోని ది జార్జ్ సత్రం ముందు రోజూ ఇటు ఇరవై, అటు ఇరవై కోచ్‌లు ఆగేవి. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుబొదురుగా రెండు గదులుంటాయి. ఒకటి లండన్ వెళ్లేవాళ్లు వేచి ఉండటానికి, ఇంకోటి యార్క్ వెళ్లేవాళ్లకి. ఆ పేర్లు తలుపుల మీద ఇప్పటికీ ఉన్నాయి. బయట సత్రం పేరున్న దూలం ఉరికొయ్యలాగా రోడ్డు ఈ పక్క నుంచి ఆ పక్కకి అడ్డంగా నిలబడి ఉంటుంది. దారిదోపిడీ దొంగలకి అదొక హెచ్చరిక అని స్థానికులు చెబుతారు.

అక్కడి నుంచి దక్షిణంగా దాదాపు పదిహేను మైళ్లు వస్తే స్టిల్టన్. ప్రపంచానికి ఆ పేరు ఒక జున్ను పేరుగానే తెలుసు. నిజానికి ఆ జున్ను తయారయ్యేది లెస్టర్‌షైర్ వైపు. దాన్ని కొని తెచ్చి, కోచ్‌లు ఆగినప్పుడల్లా ప్రయాణికులకి అమ్మి, ఊరి పేరుతో దేశమంతా నడిపించినవాడు బెల్ ఇన్ యజమాని కూపర్ థార్న్‌హిల్. 1745లో పందెం కట్టి, స్టిల్టన్ నుంచి లండన్‌కి, అక్కణ్ణుంచి వెనక్కి, మళ్లీ లండన్‌కి గుర్రాలు మారుస్తూ 213 మైళ్లు స్వారీ చేసిన మొండి మనిషి. పన్నెండు గంటల పైచిలుకులో ముగించాడు. ఇప్పటి చట్టం ప్రకారం డార్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగమ్‌షైర్ కౌంటీలలో చేసిన జున్నుకే ఆ పేరు పెట్టాలి. అంటే స్టిల్టన్‌లో స్టిల్టన్ జున్ను చేస్తే నేరం. చట్టాలకి హాస్యం తెలియదని ఎవరన్నారు!

ఈ పెద్ద సత్రాలు ఇప్పుడు హోటళ్లయ్యాయి, బాగానే ఉన్నాయి. నా మనసు మాత్రం దారి నుంచి అర మైలు పక్కకి తిరిగితే కనిపించే చిన్న పబ్బుల మీదే ఉండేది. తలకి తగిలే దూలాలు, గోడ మీద గుర్రపు జీను ఇత్తడి బిళ్లలు, పొయ్యి పక్కన నిద్రపోయే కుక్క. ఫొటోలకి ఇవే పనికొస్తాయి. దూలాల్ని కొత్తగా చేయించి నల్లరంగు పూయించిన పబ్బులు కూడా బోలెడున్నాయి కాబట్టి, వీటిని చూసి మంచి పబ్ అనుకోవడానికి లేదు. అసలు విద్య నేల కింద, సెల్లార్‌లో ఉంటుంది.

ఏల్ అనే సంప్రదాయ బీరు బ్రూవరీ గేటు దాటేనాటికి ఇంకా పచ్చిగానే ఉంటుంది. పీపాలో బతికున్న ఈస్ట్‌తోనే పబ్బుకి వస్తుంది, అక్కడే రెండోసారి పులుస్తుంది. మిగతా సగం పని పబ్ యజమానిది. ఎక్కువగా వాడే పీపా ఫర్కిన్. తొమ్మిది గ్యాలన్లు, అంటే 72 పైంట్లు. పైంటంటే 568 మిల్లీలీటర్లు. పీపాని సెల్లార్‌లోకి దొర్లించి, స్టిలేజ్ అనే అరుగు మీద పొట్ట కిందికి పెట్టి పడుకోబెడతారు. దొర్లకుండా కింద చెక్క చీలలు బిగిస్తారు. ఇక ఆ తర్వాత దాన్ని కదపకూడదు. సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల చలి ఉండాలి. ఇంగ్లిష్ బీరు గోరువెచ్చగా తాగుతారని మనవాళ్లు వేళాకోళం చేస్తారు గానీ, అది కుండలో నీళ్ల చల్లదనం. ఫ్రిజ్ చలిలో నాలుక మొద్దుబారిపోతుంది, హాప్స్ వాసన కూడా అందదు.

పీపా పైభాగంలో షైవ్ అనే గుండ్రటి బిరడా ఉంటుంది. దాని నడిమధ్య పొడిచి, స్పైల్ అనే సన్నటి కొయ్య మేకు దిగేస్తారు. మొదట వాడేది గాలి ఆడే మెత్తటి స్పైల్. లోపల పేరుకున్న గ్యాసు దానిగుండా బుసబుసమని నురగై పొంగుతుంది. తుడుస్తూ ఉండాలి, చూస్తూ ఉండాలి. పొంగు తగ్గి, బుడగ తర్వాత బుడగ తీరిగ్గా వచ్చే దశలో మెత్తటిది తీసి గట్టి స్పైల్ బిగిస్తారు. తొందరపడి ముందే బిగిస్తే గ్యాసు ఎక్కువై బీరు తేటపడదు. ఆలస్యమైతే గ్యాసంతా పోయి చప్పబడుతుంది. ఎప్పుడన్నది ఏ పుస్తకమూ కచ్చితంగా చెప్పలేదు. ఒక్కో బ్రూవరీ ఏల్‌ది ఒక్కో స్వభావం. ఎండాకాలంలో ఒక తీరు, చలికాలంలో ఇంకో తీరు.

ఇక కొళాయి. పీపా ముందు ముఖంలో కీస్టోన్ అనే కొయ్య బిళ్ల ఉంటుంది. దానికి ఇత్తడి కొళాయి ఆనించి కొయ్యసుత్తితో ఒక్క దెబ్బ. రెండో దెబ్బ పడిందంటే చొక్కా తడిసినట్టే. తర్వాత ఒకటి రెండు రోజులు వేచి ఉండాలి. బ్రూవరీలోనే కలిపిన ఐసింగ్లాస్ అనే పదార్థం ఈస్ట్‌ని పట్టుకుని మడ్డిగా పీపా పొట్టలోకి దింపుతుంది. ఐసింగ్లాస్ చేప గాలితిత్తి నుంచి తీసేది. ఈ సంగతి తెలిశాక మా శాకాహార మిత్రులొకరు ఏళ్ల తరబడి తాగిన పైంట్లన్నిటికీ ఒకేసారి బాధపడ్డారు. ఇప్పుడు అది లేకుండా చేసే బ్రూవరీలు కూడా ఉన్నాయి, బీరు కాస్త మసకగా ఉంటుంది, అంతే.

రాత్రి పబ్ మూసేటప్పుడు గట్టి స్పైల్ బిగించాలి, పొద్దున్న తెరిచేటప్పుడు వదులు చేయాలి. పీపాలో మూడో వంతు అయ్యాక, సగం కాకముందే, మడ్డి కదలకుండా వెనక భాగాన్ని మెల్లగా ఎత్తాలి. వారానికోసారి గొట్టాలు కడగాలి. పైన కౌంటర్ మీద పొడుగు పిడి ఉన్న చేతిపంపు లాగితే సెల్లార్‌లోంచి బీరు పైకి వస్తుంది. 1797లో జోసెఫ్ బ్రామా పేటెంట్ తీసుకున్న బీర్ ఇంజిన్‌కి ఇది వారసురాలు. కరెంటుతో పని లేదు. సాధారణంగా ఒక లాగుకి అర పైంట్. గ్రేట్ నార్త్ రోడ్డు మీద ఉత్తరానికి పోయేకొద్దీ ఒక తమాషా జరుగుతుంది. దక్షిణాన బీరు మీద నురగ పల్చగా ఉంటుంది. యార్క్‌షైర్ చేరేసరికి పంపు మూతికి స్పార్క్లర్ అనే చిల్లుల బిళ్ల తగిలిస్తారు, గ్లాసు మీద మీగడలాంటి నురగ నిలుస్తుంది. ఏది సరైనదని రెండు ప్రాంతాలవాళ్లూ వాదించుకుంటూనే ఉంటారు. నేను నురగ పక్షం.

ఇంత చేసీ, పీపా కొళాయి తిప్పిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. పోయిన బీరు చోటులోకి గాలి వస్తుంది. మూడు రోజులు దాటితే రుచి వాడిపోతుంది, ఇంకా ఉంచితే పులిసి వెనిగర్ దారి పడుతుంది. పొద్దున దించిన కల్లు మర్నాటికి ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మడ్డి పోగా డెబ్బై పైంట్లు మూడు రోజుల్లో అమ్ముడవ్వాలి. రోజుకి ఇరవై మూడో ఇరవై నాలుగో. రెండు రకాల ఏల్ పెడితే దానికి రెట్టింపు. నాలుగు వందల గడపలు లేని పల్లెలో, మంగళవారం రాత్రి, వాన పడుతుంటే! యజమాని ఎంత నేర్పరి అయినా ఊరు రాకపోతే మంచి బీరు పోయలేడు. పల్లె పబ్ కథంతా ఈ లెక్కలోనే ఉందని నాకనిపిస్తుంది.

గ్రేట్ నార్త్ రోడ్డు మనుషుల్ని విడతలు విడతలుగా పోగొట్టుకుంది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ రైలు వచ్చి కోచ్‌లని మింగేసింది. కార్లతో మళ్లీ ఊపిరి వచ్చిందనుకుంటే బైపాస్‌లు వచ్చాయి. 1960లో స్టామ్‌ఫర్డ్‌ని తప్పించి ఏ1 పక్కనుంచి పోయింది, స్టిల్టన్‌కి అంతకు కాస్త ముందే ఆ గతి పట్టింది. 1967లో రవాణా మంత్రి బార్బరా కాజిల్ ఊపిరి పరీక్ష చట్టం తెచ్చారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు దాటితే నేరం. కారులో తప్ప చేరలేని పల్లె పబ్బులకి అది పెద్ద దెబ్బ. ప్రాణాలు నిలబడ్డాయి కాబట్టి ఆ చట్టాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. 2007లో పొగతాగడం నిషేధించారు. సూపర్‌మార్కెట్ బీరు ఎప్పుడూ చవకే.

జనం తగ్గితే పీపా మిగిలిపోతుంది, మిగిలితే పాడవుతుంది. అందుకే పెద్ద కంపెనీలు ఈస్ట్‌ని చంపి, వడగట్టి, గ్యాసు ఎక్కించిన కెగ్ బీరు తెచ్చాయి. వారాలు నిలవ ఉంటుంది, పోసేవాడికి నేర్పు అక్కర్లేదు. 1960ల చివరికి దేశమంతా అదే. 1971లో నలుగురు ఇంగ్లిష్ కుర్రాళ్లు సెలవులకి ఐర్లండ్ వెళ్లి, డన్‌క్విన్‌లోని క్రూగర్స్ బార్‌లో కూర్చుని ఈ గోడు వెళ్లబోసుకుని ఒక ఉద్యమం మొదలెట్టారు. దాని పేరు కామ్రా. ఇంగ్లిష్ ఏల్‌ని కాపాడే సంఘం పొరుగుదేశపు బార్‌లో పుట్టింది. ఈ రోజు ఆ చేతిపంపులు మిగిలాయంటే వాళ్ల చాదస్తం చలవే.

పాత పబ్బుల్ని తలుచుకునేటప్పుడు వాటి పాపాలు కూడా చెప్పాలి. పబ్లిక్ బార్ కూలీలకి, సెలూన్ బార్ కాస్త కలిగినవాళ్లకి. ఆడవాళ్లు వస్తే పక్కన స్నగ్ అనే ఇరుకు గది. జీతం రోజు రాత్రి ఇంటికి చేరని డబ్బు సంగతి ఏ దేశంలోనైనా ఒకటే. గోధుమరంగు ముఖం గుమ్మంలో కనిపిస్తే మాటలన్నీ ఒక్క క్షణం ఆగిపోయే పబ్బులు నేనూ చూశాను. చాలాచోట్ల ఆ మౌనాన్ని మొదట తెంచింది కౌంటర్ వెనక మనిషే. ఏం కావాలని అడగడానికి ముందే రెండు రకాలు చిన్న గ్లాసులో రుచి చూడమని ముందుకి తోసేవారు.

మూడు రోజుల్లో పీపా ఖాళీ చేయాలన్న ఆ లెక్క సరిపెట్టుకునే ఉపాయాలు ఊళ్లు కనిపెట్టాయి. కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్‌లో ఓల్డ్ క్రౌన్ అనే పబ్బుని 2003లో ఊరివాళ్లే తలో వాటా వేసుకుని కొనేశారు. అలాంటివి ఇప్పుడు దేశంలో చాలానే ఉన్నాయి. వాటాదారుడైన ప్రతివాడూ తాగేవాడే కాబట్టి పీపా ఖాళీ అవుతుంది. వారం మధ్యలో ఫర్కిన్ బదులు దానిలో సగం ఉండే పిన్ తెప్పించే యజమానులున్నారు. 36 పైంట్లే అయినా, తాజాగా ఉంటుంది.

ఈ దారిన ఎప్పుడైనా వెళితే, కారు తోలేది వేరే మనిషి అయినప్పుడు, ఇవాళ తెరిచిన పీపా ఏదని అడిగి అర పైంటే తీసుకోండి. గ్లాసు వెలుతురుకి పెట్టి తేటగా ఉందో లేదో చూడండి, వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే మొహమాటపడకుండా తిరిగివ్వండి. మంచి పబ్బులో మారు మాట్లాడరు, ఇంకోటి పోసిస్తారు. టిప్పు ఇవ్వడం అక్కడి పద్ధతి కాదు. పోసినవాళ్లకి కూడా ఒకటి నా లెక్కలో వేసుకోండి అనాలి.