చెక్కముక్కల ముందు కూర్చున్న పిల్లాడు

పొన్నూరులో బస్సెక్కి గుంటూరు వెళ్లే తల్లుల్లో కొందరిది ఒకటే దిగులు: పిల్లాడికి చదువు ఎక్కడం లేదు. వాళ్లకు దారి చూపే క్లినికల్ సైకాలజిస్టు పని నాకెంతో ఇష్టం.

బల్ల మీద సెగ్విన్ ఫారం బోర్డు పెడతారు. పది చెక్కముక్కలు, వాటికి సరిపడే పది గుంటలు. నక్షత్రం, వజ్రం, అర్ధవృత్తం లాంటి ఆకారాలు. "గబగబా పెట్టేయ్ నాన్నా!" అంటారు. మూడుసార్లు పెట్టించి, అన్నిటికన్నా తక్కువ పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. చేయి తిరిగినవారు అంతకన్నా ఎక్కువే చూస్తారు. ముక్కను తిప్పి చూసుకుంటున్నాడా, బలవంతంగా అదుముతున్నాడా, తప్పు పోగానే బెదిరి అమ్మ వంక చూస్తున్నాడా? ఆ బెదురు ఏ అంకెలోనూ కనబడదు.

పరాయి దేశపు పరీక్షను మన పిల్లల మీద రుద్దకూడదని వి.వి. కామత్ బినే తెలివితేటల పరీక్షను మరాఠీ, కన్నడ పిల్లలకు తగ్గట్టు మలిచారు. ఆ జాగ్రత్త మన దగ్గరా కావాలి; ప్రశ్న పిల్లాడి ఇంటి తెలుగులో ఉండాలి.

పెద్దవాళ్లతో పని మరీ కష్టం. మిర్చి ధర పడిపోయి అప్పుల్లో కూరుకుపోయిన రైతు నోరు విప్పేదాకా తొందరపెట్టకుండా కూర్చోవాలి. విన్నది గడప దాటకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ గోప్యతను రోగి హక్కు చేసింది.

గుంటూరు దాకా వెళ్లలేనివారికి 2022లో మొదలైన టెలీ మానస్ ఫోన్ సేవ ఉంది. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.